పైకెక్కని మంచినీళ్ళు

"ఈ నీళ్ళు నేను బిడ్డకి పొయ్యను," అంది కస్తూరి.

అని, అరచేతిలో మిగిలిన రెండు చుక్కలను నాలుక్కి తగిలించుకుని, మొహం ముడిచి, తూములోకి ఉమ్మేసింది. నలభై ఏళ్ళుగా వాషర్‌మెన్‌పేటలో పుట్టిన పిల్లల్లో సగం మందికి నీళ్ళు పోసిన మనిషి ఆమె. ఆ నాలుక ఇచ్చిన తీర్పు మీద అప్పీలు లేదు.

స్నానాలగది గడప దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డ కోకిలకు ఆ ఉమ్మి తన మొహాన పడ్డట్టే ఉంది.

"వేడిగానే ఉండాయి గదా, కస్తూరమ్మా?" అంది, జవాబు తెలిసిన ప్రశ్నే అయినా.

"వేడికేం తక్కువ తాయీ? సముద్రాన్ని కాచినా వేడిగానే ఉంటాది. దాన్ని తెచ్చి పచ్చిబిడ్డ నెత్తిన పోస్తారా?" కస్తూరి సబ్బుబిళ్ళను నీళ్ళలో ముంచి రెండు చేతుల మధ్యా రుద్దింది. నురగ రాలేదు. విరిగిన పాలలాగా తెల్లటి తునకలు తేలాయి. "చూడు. ఇవి బోరు నీళ్ళు. సుద్ద ఉప్పు. బాలింత తల్లో పోస్తే జుట్టు కొబ్బరిపీచు అయిపోతాది. బిడ్డకి పోస్తే ఒళ్ళంతా చిరచిర. నాకు చెడ్డపేరొద్దు."

పక్కగదిలో మంచం మీద మైత్రి కూర్చుని ఉంది. తల నుంచి నువ్వులనూనె చెంపల మీదికి కారుతోంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన పసిది, అదీ నూనె ముద్దే. ఆపరేషన్ అయి నేటికి పదకొండో రోజు. నిన్న సాయంత్రమే ఆసుపత్రి నుంచి పుట్టింటికి వచ్చింది. తలకు పోసుకోవచ్చునని, మెట్లు దిగడం, బరువులెత్తడం మాత్రం కుట్లు గట్టిపడేదాకా వద్దే వద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని నిన్న ఆమెను ఈ మేడ ఎక్కించారు. కింద ఒక గది లేకపోలేదు. కాని అందులో కోకిల మామగారి రాతబల్ల ఉంది, రాతబల్లకు మెట్లెక్కే అలవాటు లేదు.

"ఏమైంది వదినా?"

"ఏం లే అమ్మణ్ణీ. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషాన్ని ఈ ఇంట్లో కోకిల పదకొండేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు అడిగి పుచ్చుకుంటోంది. ఏ నిమిషమూ ఆమెకు మిగల్లేదు.

ఆమె మెట్లు దిగసాగింది. ఇరవై రెండు మెట్లు. పన్నెండో మెట్టు అంచు విరిగి ఉంటుంది. నిండు బక్కెట్టుతో ఎక్కేటప్పుడు అక్కడ ఎడమకాలు ముందు వెయ్యాలి. ఈ శాస్త్రం ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. తెలియవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

పెరట్లో మొన్నమొన్నటి దాకా రాగి బాయిలరు ఉండేది. నడుమ గొట్టంలో కొబ్బరిచిప్పలు, కట్టెపేళ్ళు వేసి మండిస్తే చుట్టూ నీళ్ళు కాగేవి. అత్తగారు శారదాంబ నాలుగేళ్ళ కిందట పోతూ పోతూ, కోడలి చేతిలో పెట్టిన ఆస్తి అది. ఆస్తితో పాటు చాకిరీ కూడా సంక్రమించింది. తెల్లవారుజామున లేచి పంపు కొట్టి, బాయిలరు నింపి, కాచి, బక్కెట్టు తరవాత బక్కెట్టు మేడ మీదికి మొయ్యడం. కుడి మణికట్టు వాచి, ఇప్పుడు దాని చుట్టూ సాగే పట్టీ ఒకటి వచ్చి చేరింది.

మైత్రి పురుటికి వచ్చేలోపల వేన్నీళ్ళు వాటంతట అవే మేడెక్కి వస్తాయని కృష్ణస్వామి నాయుడుగారు కోడలికి మాట ఇచ్చారు. ఆ ఒక్క మాట కోసమే కోకిల బాయిలరును ఇంట్లోంచి కదలనిచ్చింది.

మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, చెన్నపట్నం వణికే తీరు పైప్రాంతాల వాళ్ళకు చెబితే నవ్వుతారు. ఇరవై రెండు డిగ్రీలకే పేటంతా కోతిటోపీలు దిగుతాయి. అంతటి మహాశీతాన్ని పొగ లేకుండా, కట్టె లేకుండా, ఎన్నటికీ తరగని ప్రకృతిశక్తితోనే జయించాలని నాయుడుగారు సంకల్పించడంతో, ఆ ఇంటి ముందుగదిలో మహాసభ కొలువుదీరింది. ఒకటి కాదు, ఏడు సమావేశాలు.

సభ్యులు ముగ్గురు. ఒక్కొక్కరు ఒక్కొక్క దేవుడి పక్షం వహించారు. సర్కారు కొలువులో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాయుడుగారిది సూర్యుడి పక్షం. మేడపైన గాజు గొట్టాలు పరిస్తే ఎండే నేరుగా నీళ్ళు కాస్తుందని వారి వాదం. కొడుకు భరణి అంబత్తూరు కర్మాగారంలో ఇంజనీరు. అతను వాయుదేవుడి భక్తుడు. హీట్ పంపు పెడితే గాలిలో ఉన్న వేడినే లాగి నీళ్ళకు పోస్తుందని, ఫ్రిజ్జు చేసే పనిని తిరగేసినట్టేనని అతను గోడ మీద బొమ్మ గీశాడు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఐటీ ఉద్యోగం చేస్తున్న అల్లుడు ప్రదీప్ మెరుపుల దొర ఇంద్రుణ్ణి నమ్ముకున్నాడు. మేడ నిండా పలకలు పరచి, ఎండను కరెంటుగా మార్చి, ఆ కరెంటుతో మామూలు గీజరు నడపాలని, పనిలో పనిగా ఏసీ కూడా నడుస్తుందని అతని సిద్ధాంతం.

పక్కింటి కొత్తమేడ నీడ ఏ నెలలో ఏ గంటకు ఎంత మేర పడుతుందో సుద్దముక్కతో గీతలు గీశారు. తుపాను రోజుల్లో సూర్యుడు సెలవు పెడితే ఎవరు పూచీ అని గొంతులు చించుకున్నారు. చివరికి, అధ్యక్షుడి ఓటు రెండు ఓట్లతో సమానమనే నియమాన్ని అధ్యక్షుడే ప్రవేశపెట్టి, అధ్యక్షుడే బలపరచడంతో, సూర్యుడు గెలిచాడు. పెరటివైపు ఉన్న ఇనప మెట్లదారిన గాజు గొట్టాలు మేడెక్కాయి.

ముగ్గురు దేవతలకూ వకీళ్ళు దొరికారు. వరుణుడి తరఫున నోరెత్తినవాడు లేడు. నోరెత్తిన ఆడమనిషి ఒకతె ఉంది గాని, ఆమె సభ్యురాలు కాదు.

ఆ ఇంట్లో నీళ్ళు రెండు జాతులు. బోరులోంచి మోటారు తోడి పైట్యాంకులో పోసేవి ఉప్పునీళ్ళు. గిన్నెలు తోమడానికి, దొడ్డి కడగడానికి పనికొస్తాయి. నగర జలమండలి వదిలే మెట్రో నీళ్ళు మంచినీళ్ళు. అవి వీధిగొట్టంలో పొద్దున ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకానే ఉంటాయి. పెరట్లో చేత్తో కొట్టే పంపు ఉంది, పేటలో అడిపంపు అంటారు. దాన్ని కొడితేనే బిందెలో పడతాయి. మంచినీళ్ళు ఆ ఇంట్లో ఏనాడూ మేడెక్కలేదు, కోకిల చేతుల్లో తప్ప.

ఈ సంగతి పెరట్లో తిరిగే పిల్లికి కూడా తెలుసు. తెలియనిది ముగ్గురికే. బక్కెట్టులోకి వేన్నీళ్ళు వచ్చి చేరే దారిని ఆ ముగ్గురూ ఎన్నడూ వెంబడించి చూడలేదు.

ముందుగదిలో గోడగడియారం ఎనిమిదీ పావు చూపిస్తోంది. నాయుడుగారు పత్రిక చదువుతున్నారు. భుజాన జరీ శాలువా ఉంది. 'పొగకు వీడ్కోలు' పేరిట వీధి పచ్చదనం సంఘం వారు పోయిన వారం సభ జరిపి, రాగి బాయిలరును స్వీకరించి, బదులుగా కప్పిన శాలువా అది. అప్పటినుంచీ వారు దాన్ని స్నానానికి తప్ప తీయడం లేదు.

"మామా," అంది కోకిల. "పైకి వొచ్చేది ఉప్పునీళ్ళు. కస్తూరమ్మ పొయ్యనంటా ఉండాది."

"వేడి రాలేదా?"

"వేడి వొచ్చింది. నీళ్ళే సరిలేదు."

నాయుడుగారు పత్రిక మడిచారు. "మన తీర్మానం వేడి గురించి, కోకిలా. వేడి వచ్చిందంటే తీర్మానం నెరవేరినట్టే గదా."

బూట్లు తొడుక్కుంటున్న భరణి తలెత్తాడు. అతని మొహంలో వారం రోజులుగా దాచుకున్న వెలుగు ఒకటి బయటపడింది. "నేను ఆ పొద్దే చెప్పినా కదా నైనా. ఆ గాజు గొట్టాలు వేస్టు. ఉప్పు పట్టేస్తాది, ఆరు నెలల్లో తెల్లగా పూడిపోతాయి. హీట్ పంపు పెట్టుంటే ఈ తలనొప్పే లే."

"అదేంటండీ బావగారూ," అన్నాడు ప్రదీప్, సోఫాలోంచి. పురుటి సెలవులో ఉన్నాడు. చేతిలో ఫోను, మోకాలి మీద ఇడ్లీ పళ్ళెం. "మీ హీట్ పంపుకైనా కరెంటు కావాలిగా. పలకలు పెట్టుకునుంటే మన కరెంటు మనదే. అన్నిటికీ అదే మూలం. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

"నీ పలకలు నీడ పడితే పడుకుంటాయి, బావా."

"మీ పంపు శబ్దానికి పక్కింటోళ్ళు పడుకోరు."

సభ దానంతట అదే ప్రారంభమైంది. ఎనిమిదో సమావేశానికి ఆహ్వానాలు వెళ్ళకపోయినా కోరం సరిపోయింది.

కోకిల విన్నది. పైన నూనె ఓడుతూ కూర్చున్న ఇద్దరు ఆడకూతుళ్ళు ఉండగా, ఒకరికి పదకొండు రోజుల వయసు ఉండగా, ఈ ముగ్గురు మొగవాళ్ళు ఎవరి దేవుడు గొప్పవాడో తేల్చుకుంటున్నారు. ఆమెకు లోపల ఎక్కడో, బాయిలరు నడుమ గొట్టం లాంటి చోట, చిన్నగా రాజుకుంది.

"ఏమండీ," అంది మొగుడితో. "మీ హీట్ పంపు పెట్టుంటే, దాంట్లోకి నీళ్ళు యాడ్నించి వొచ్చుండేవి?"

"యాడ్నించి అంటే?" భరణి బూటు లేసు పట్టుకుని ఆగాడు. "పైట్యాంకు నుంచే."

"అన్నగారూ, మీ గీజరులోకి?"

ప్రదీప్ ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచి, నోటిదాకా తీసుకుపోకుండా, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. "అదీ... ట్యాంకు నుంచేనండీ."

కొడుకూ అల్లుడూ ఇద్దరూ అధ్యక్షుడి వైపు చూశారు.

"సెరి," అన్నారు నాయుడుగారు, గొంతు సవరించుకుని. "సమస్య గుర్తించబడింది. తాత్కాలికంగా బాయిలరు తెప్పించుకుంటాము. ప్రేమ్‌నాథ్ మనవాడే."

పచ్చదనం సంఘం అధ్యక్షుడు ప్రేమ్‌నాథ్‌కు ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టారు. అవతలి గొంతులో తేనె కారింది.

"అయ్యో, సార్, మీ బాయిలరుకేం సార్, మా హాల్లో రాజా మాదిరి ఉండాది. వచ్చినవాళ్ళంతా అడుగుతా ఉండారు. మనీప్లాంటు పెట్టినాం దాంట్లో. ఏమి పెరుగుదల సార్, కిటికీ దాకా పాకిపోయింది."

"అది కాదు ప్రేమ్‌నాథ్. ఒక్క వారం మాకు..."

"నీళ్ళు నిలవకూడదు గదా సార్, అందుకని అడుగున నాలుగు చిల్లులు కొట్టించినాం."

నాయుడుగారు ఫోను కట్టేసి, శాలువా ఒకసారి సర్దుకున్నారు. అత్తగారు చింతపండు పెట్టి తోమి తోమి అద్దంలా ఉంచిన రాగి అడుగు కోకిల కళ్ళముందు మెదిలింది. నాలుగు చిల్లులు. కన్నీళ్ళు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఏడ్చే కోడలికి సమాధానం చెప్పడం ఆ ముందుగదికి బాగా అలవాటు.

మెట్ల మీద కస్తూరి అడుగులు వినబడ్డాయి. నూనె చేతులు ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమబ్బా, నీళ్ళు వొస్తాయా, నేను పోవల్నా? తిరువొత్తియూరులో ఇంకొక బాలింత కాచుకోని ఉండాది. బిడ్డ ఒళ్ళు చల్లబడతా ఉండాది. మైత్రమ్మ ఏం మాట్లాడకుండా కూచోనుండాది. అట్ల మాట్లాడకుండా ఉండే పిల్ల కాదే అది."

"గ్యాసు స్టవ్వు ఉంది కదండీ," అన్నాడు ప్రదీప్ ఆశగా. "పంపు నీళ్ళు పెద్ద గిన్నెలో కాచేసి..."

"కాచేసి?" అంది కోకిల.

"పైకి..." అతని మాట పన్నెండో మెట్టు దగ్గర తట్టుకున్నట్టు ఆగిపోయింది.

"ఆరు బక్కెట్లు," అంది కస్తూరి, ఎవరూ అడగకపోయినా. "తల్లికి ఐదు, బిడ్డకి ఒకటి. దానికి తక్కువైతే నడుంనొప్పి జన్మకి పోదు."

ముగ్గురి చూపులూ, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, ఒక్కచోటికి చేరాయి. కోకిల మణికట్టు మీదికి కాదు, అది వాళ్ళకు కనబడలేదు. కోకిల మీదికి.

"ఈ ఒక్క పొద్దు, కోకిలా," అన్నాడు భరణి మెత్తగా.

మొన్న పొద్దున గొట్టాలు బిగించి పనివాళ్ళు వెళ్ళాక, సాయంత్రం ఎవరూ లేకుండా చూసి, ఆమె మేడమీది కొళాయి తిప్పింది. పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. వాచిన మణికట్టును ఆ ధారకింద పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నిలబడింది. ఎండ ఇంత మంచిదా అనుకుంది. ఉప్పు సంగతి మనసులో మెదలకపోలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇన్నిరోజులు మాట్లాడారు, ఆ మాత్రం చూసుకోకుండా ఉంటారా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇప్పుడు తలచుకుంటే, అందరికన్నా ఎక్కువ ఆ సర్దుబాటు మీదే ఆమెకు ఒళ్ళు మండింది.

"మామా, నేను ఒకటి అడగతాను. మీ మినిట్స్ పుస్తకం తీస్తారా?"

నాయుడుగారి మొహం వికసించింది. ఆ పుస్తకాన్ని అడిగి చూసినవారు ఇంతవరకు లేరు. అరవ దేశంలో ఐదు తరాలుగా కాపాడుకొచ్చిన తెలుగును వారు శుద్ధగ్రాంథికంలో అందులో భద్రపరుస్తున్నారు. అట్ట మీద ఎర్రసిరాతో 'గృహ ఉష్ణజల సంఘము, కార్యక్రమ పత్రము' అని ఉంటుంది.

"ఏ సమావేశం?"

"నాలుగోది. ఏమండీ, మీరే చదవండి. గట్టిగా."

భరణి పుస్తకం అందుకుని చదివాడు.

"నాలుగవ సమావేశము. హాజరు: అధ్యక్షులు, చిరంజీవి భరణి, చిరంజీవి అల్లుడుగారు. గాజు గొట్టముల ఆయుర్దాయమును గూర్చి చర్చ జరిగెను. మధ్యలో కాఫీ ఇవ్వబడెను." అతని గొంతు కొంచెం తగ్గింది. "చక్కెర తక్కువయ్యెనని అల్లుడుగారు అభిప్రాయపడిరి. అధ్యక్షులు ఏకీభవించిరి. చర్చ కొనసాగెను."

"అంతేనా?"

"అంతే."

"ఆ కాఫీ ఎవరిచ్చినారని రాసుండాది?"

భరణి మళ్ళీ చూశాడు. "ఇవ్వబడెను అని ఉండాది."

"లోటాలు వాటంతట అవే నడిచొచ్చినట్టుండాయి," అంది కోకిల. "ఆ పొద్దు మూడు లోటాలు పెట్టేటప్పుడు నేను ఒక మాట అడిగినాను. మామా, పైట్యాంకులోకి పోయేది బోరునీళ్ళు గదా అని అడిగినాను. కింద ఒక తొట్టి కట్టి, చిన్న మోటారు పెట్టి, మంచినీళ్ళకి పైన వేరే ట్యాంకు పెడితే మీ సూర్యుడైనా సరే, ఆయన గాలైనా సరే అన్నాను. మీరు ముగ్గురూ నా మొహం చూసినారు. అన్నగారు చక్కెర తక్కువన్నారు."

ప్రదీప్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్కయ్యగారూ, నేను ఆ ఉద్దేశంతో..."

"చక్కెర తక్కువే అయింది. అది తప్పు కాదు. అది పుస్తకంలోకి ఎక్కింది. నీళ్ళు ఎక్కలేదు."

నాయుడుగారు పుస్తకాన్ని తన వైపు లాక్కున్నారు. "చూడు కోకిలా. నియమం ఒకటుండాది. అది సలహాగా వచ్చి ఉంటే రాసేవాణ్ణి. నువ్వు ప్రశ్నగా అడిగినావు. ప్రశ్నలు సమావేశం చివర తీసుకుంటాము. చివర నువ్వు లేవు."

"చివర నేను లోటాలు కడగతా ఉండాను."

"అందుకే."

కస్తూరి చేతులు ఎత్తి పట్టుకునే పక్కున నవ్వింది. నవ్వి, పెద్దాయన చూపు తగిలి, గోడవైపు తిరిగింది.

కోకిల ఎవరి మొహమూ చూడలేదు. నెమ్మదిగా నడిచి, మెట్ల మొదట్లో, అడుగుమెట్టు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పట్టీ కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. ఈ పదకొండేళ్ళలో ఆ మెట్ల మీద ఆమె ఊరికే కూర్చోవడం ఇదే మొదటిసారి. కింద నుంచి చూస్తే అవి ఇంత ఎత్తుగా కనబడతాయని కూడా ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఈ పొద్దు నేను మొయ్యను. ఎవరు తీర్మానం చేసినారో వాళ్ళు మొయ్యండి. తొమ్మిదింటికి పంపులో నీళ్ళు నిలిచిపోతాయి."

గడియారంలో ఎనిమిది ముప్పై ఐదు.

ప్రదీప్ సగం లేచాడు. పళ్ళెం పక్కన పెట్టి, చొక్కా చేతులు మడవబోయాడు. "నేను తెస్తానండీ. నా భార్య, నా కూతురేగా."

"కూర్చోండి అల్లుడుగారూ," అన్నారు నాయుడుగారు, నొచ్చుకున్న గొంతుతో. "పెరటి గోడకు ఆవల పది ఇళ్ళ కళ్ళు ఉండాయి. మా ఇంటి అల్లుడు బిందె పట్టుకుని పంపు కొడితే, మేము తలెత్తుకుని తిరిగేది ఎట్ల?"

సగం లేచిన అల్లుడు, మామగారి మర్యాదను మన్నించి, మిగతా సగం కూడా కూర్చున్నాడు. అంత త్వరగా మన్నించినందుకు అతనికే కాస్త సిగ్గేసినట్టుంది. ఫోను తీసి, చూడకుండా, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నాకు పదింటికి అంబత్తూరులో ఆడిట్," అన్నాడు భరణి, బూట్ల వైపు చూస్తూ. "బూట్లు కూడా వేసేసినా."

"విప్పండి," అంది కోకిల.

అతను విప్పలేదు. వేసుకుని వెళ్ళనూ లేదు. ఒక లేసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నాయుడుగారి సంగతి ఎవరూ ఎత్తలేదు. వరిబీజం ఆపరేషన్ అయిన మనిషి. పైగా అధ్యక్షులు. వారు ఆ నిశ్శబ్దాన్ని తమ పట్ల గౌరవంగానే స్వీకరించి, కలం మూత తీసి, పుస్తకంలో కొత్త పుట తిప్పారు.

"అత్యవసర సమావేశము," అని పైకి చదువుకుంటూ రాశారు. "మంచినీళ్ళకు వేరు ట్యాంకు ఏర్పాటు చేయవలెనని..." ఆగి, కళ్ళద్దాల పైనుంచి మెట్లవైపు చూశారు. అన్నేళ్ళలో మొదటిసారి, కోడలి వైపు నిజంగా సందేహంగా చూశారు. "కోకిలా. ప్రతిపాదించినవారు అని ఎవరి పేరు రాయమంటావు?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఏడు కాఫీలు ఎదురుచూసింది. తీరా వచ్చాక, ఆమె చూపు పుస్తకం మీది నుంచి మెట్ల పైకి పోయింది. తన పేరు ఆ పుస్తకంలో ఎక్కితే పైన ఉన్న బిడ్డ ఒళ్ళు వేడెక్కుతుందా? లేచి బక్కెట్టు పట్టుకుంటే ఈ పుట మళ్ళీ ఎన్నడైనా తెరుచుకుంటుందా? నోరు తెరిచి ఏదో చెప్పబోయింది.

పైనుంచి పసిదాని ఏడుపు వినబడింది.

మొదట మామూలు ఏడుపే. ఆకలిదో, చలిదో. అందరూ విన్నారు. తల్లి ఎత్తుకుంటుందిలే అన్నట్టు అందరూ ఊరుకున్నారు. ఏడుపు ఆగలేదు. పెరిగింది. పక్కన ఎవరూ లేని బిడ్డ ఏడ్చే ఏడుపు అది.

కస్తూరి మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. "మైత్రమ్మా?" అని పైకి పిలిచింది. పలుకు లేదు.

అప్పుడు పెరట్లో పంపు కొట్టిన చప్పుడు వచ్చింది.

ఆ పంపును ఎవరు కొడుతున్నారో చూడకుండానే చెప్పగలదు కోకిల. తాను కొడితే పొట్టి దెబ్బలు, వరసగా. పక్కింటివాళ్ళు వచ్చి కొడితే పొడుగ్గా, కీచుమంటూ. కస్తూరి ఇక్కడే ఉంది. ముగ్గురు మొగవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. లోపలి మెట్లకు అడ్డంగా తాను కూర్చుని ఉంది.

గాజు గొట్టాలు ఎక్కిన ఇనప మెట్లు, మేడ వెనకవైపు నుంచి నేరుగా పెరట్లోకే దిగుతాయి.

"ఎవరమ్మా అది, పంపు దగ్గర?" అన్నారు నాయుడుగారు, కలం ఎత్తిపట్టుకునే.

రెండు దెబ్బలు. ఆగింది. రెండు దెబ్బలు. ఆగింది. కుట్లున్న కడుపును ఒక చేత్తో అదిమి పట్టుకుని కొట్టేవాళ్ళే అలా ఆగి ఆగి కొడతారు.

మూడోసారి ఒక్క దెబ్బే పడింది.